ఒకే పనికి పది ప్రోగ్రాములు: ఏది మేలో తేల్చడం ఎందుకు కష్టమవుతోంది?

సంక్షిప్తంగా

ఒక ప్రోగ్రామ్‌ను నాలుగైదు రకాలుగా మార్చి చూడటం ఇప్పుడు నిమిషాల పని. ఆ రకాల్లో ఏది పనికొస్తుందో తేల్చడానికే గంటలు పడుతున్నాయి. అందరి దగ్గరా ఉన్న పోలిక పరికరాలు కోడ్‌లోని వరుసలను పక్కపక్కన పెడతాయి, ఆ కోడ్ ఇచ్చే ఫలితాలను పెట్టవు. ఫలితాలను పోల్చేవి లేకపోలేదు. కొన్ని పరిశోధనశాల గడప దాటలేదు, కొన్ని మనం దాచమన్నదాన్నే దాస్తాయి. చిక్కు ఎక్కడుందో చూడటానికి వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ యార్డు మిర్చి ధరల లెక్క ఒకటి ఇక్కడ ఉదాహరణ.

మిర్చి_ఫైనల్_సార్_చెప్పింది

మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే వరంగల్, హనుమకొండ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల టెన్షన్ మొదలవుతుంది. పంట ధరల అంచనా ఇలాంటి ప్రాజెక్టులకు బాగా అందివచ్చే అంశం. యార్డు ఊళ్లోనే ఉంది, రోజువారీ ధరలు కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్ పోర్టల్‌లో దొరుకుతాయి.

అలాంటి ప్రాజెక్టు ఫోల్డర్ తెరిస్తే కనిపించే జాబితా ఊహించడం కష్టం కాదు. మిర్చి, మిర్చి_2, మిర్చి_కొత్తది, మిర్చి_ఫైనల్, మిర్చి_ఫైనల్_సార్_చెప్పింది. ఫైల్ లోపల సగం వరుసలు కామెంట్‌లో ఉంటాయి. పాత పద్ధతి మళ్లీ అవసరం పడుతుందేమోనని తీసేయకుండా మూసి ఉంచినవి అవి. రివ్యూలో ప్రశ్న పడుతుంది: "ఏడు రోజుల సగటే ఎందుకు తీసుకున్నరు? మూడు రోజులది పెట్టి చూసిన్రా?" జవాబు కూడా సిద్ధమే: "చూసినం సార్, మంచిగ రాలేదు." ఎంత తేడాతో రాలేదు, ఏ రోజుల్లో రాలేదు అని అడిగితే మాత్రం చూపించడానికి ఏమీ ఉండదు. ఆ ఫలితం స్క్రీన్ మీద ఒకసారి మెరిసి పోయింది.

దీన్ని విద్యార్థుల బద్ధకం కింద కొట్టిపారేయడం తేలికే. అయితే అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు డేటా సైంటిస్టుల పని తీరును పరిశీలించి 2017లో ప్రచురించిన పత్రంలోనూ ఇదే బొమ్మ కనిపిస్తుంది. ఫైళ్లకు కాపీలు, కామెంట్‌లో పడుకోబెట్టిన పాత కోడ్, పేర్ల చివర అంకెలు. వెర్షన్ కంట్రోల్ (ఫైళ్లలో చేసిన మార్పులను వరుసగా దాచిపెట్టే పరికరం) వాడటం తెలిసినవాళ్లలో కూడా చాలామంది ఈ పనికి దాన్ని వాడటం లేదు. అనుభవం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే తిప్పలు పడుతున్నారంటే లోపం పరికరంలో ఉందనుకోవడమే సబబు.

దారి ముందే తెలియని పని

కరెంటు బిల్లు లెక్కకట్టే ప్రోగ్రామ్ రాయాలంటే స్లాబులు ముందే తెలుసు. ఫలానా యూనిట్లకు ఎంత రావాలో కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ప్రోగ్రామ్ ఒప్పో తప్పో వెంటనే తేలుతుంది. మిర్చి ధర ఎటు పోతోందో చెప్పే ప్రోగ్రామ్‌కు ఆ సుఖం లేదు. ఏ లెక్క సరైనదో రాసేవాళ్లకే తెలియదు. ఒకటి రాసి, నడిపి, వచ్చింది చూసి, దాన్నిబట్టి తర్వాత ఏం మార్చాలో అనుకోవాలి. దీన్నే ఎక్స్‌ప్లోరేటరీ ప్రోగ్రామింగ్ అంటారు. తెలుగులో వెతుకులాట ప్రోగ్రామింగ్ అనుకుంటే సరిపోతుంది.

మాట పాతదే. జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రానికి చెందిన బో షీల్ 1983లోనే దీని గురించి రాశారు. ఏం కావాలో ముందే పూర్తిగా రాసుకుని మొదలుపెట్టే పద్ధతి కొన్ని పనులకు నప్పదని, రాస్తూ రాస్తూనే ఏం కావాలో తెలుసుకునే పనులుంటాయని, వాటికి వేరే రకం పరికరాలు ఉండాలని ఆయన వాదన. అక్కడ వాడిన ఇంటర్‌లిస్ప్ వ్యవస్థ అప్పటికే ఇచ్చిన ఆదేశాలన్నింటి చరిత్రను దాచేది, చేసినదాన్ని వెనక్కి తిప్పేది. ఇవాళ ప్రతి ఎడిటర్‌లోనూ ఉన్న అన్‌డూ పూర్వీకుల్లో అదొకటి.

అన్‌డూ ఒకే దారిలో వెనక్కి నడుస్తుంది. చాలా ఎడిటర్లలో పది అడుగులు వెనక్కి వెళ్లి కొత్తగా ఒక్క అక్షరం కొట్టగానే ముందుకు వెళ్లే దారి మూసుకుపోతుంది. వెతుకులాట అలా సాగదు, చెట్టుకొమ్మల్లా చీలుతుంది. మిర్చి లెక్కే చూస్తే, పోర్టల్‌లో రోజుకు మూడు ధరలుంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ ధర. (ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది మోడల్ ధర. పేపర్లో పెద్దక్షరాల్లో వచ్చేది మాత్రం సాధారణంగా గరిష్ఠమే.) ఈ మూడింటిలో ఏది తీసుకోవాలి? సగటు మూడు రోజులదా, ఏడా, పదిహేనా? సగటే వేయాలా, మధ్యగతమా? యార్డుకు సెలవైన రోజు ఖాళీని ముందురోజు ధరతో నింపాలా, వదిలేయాలా? మూడు, మూడు, రెండు, రెండు గుణిస్తే 36 రకాలు. నాలుగు చిన్న ప్రశ్నలకే ఇంత. 36 ఫైళ్లు ఎవరూ పెట్టుకోరు. ఐదారు చూసి, మిగతావి కూడా చూసినట్టే లెక్కేసుకుని ముందుకు పోతారు.

డిఫ్ చూసేది, చూడనిది

రెండు ఫైళ్ల తేడా చూపే డిఫ్ అనే ప్రోగ్రామ్ 1974లో బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్‌తో పాటు వచ్చింది. దాన్ని రాసిన డగ్లస్ మెకిల్‌రాయ్, జేమ్స్ హంట్‌తో కలిసి 1976లో ఆ పద్ధతిని వివరించారు. రెండు ఫైళ్లలోనూ అదే వరుసక్రమంలో కనిపించే ఉమ్మడి వరుసల్లో అతి పొడవైన జాబితాను అది పట్టుకుంటుంది. ఆ జాబితాలో చేరని వరుస మొదటి ఫైల్‌లో ఉంటే తీసేసినట్టు, రెండోదాంట్లో ఉంటే కొత్తగా కలిపినట్టు. 1986లో యూజీన్ మైయర్స్ ఇదే పనిని వేగంగా చేసే పద్ధతి ప్రచురించారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం మొదలుపెట్టిన గిట్ అనే వెర్షన్ కంట్రోల్ పరికరం, వేరేది అడగనంతవరకు, నేటికీ ఆ పద్ధతినే వాడుతుంది.

ఈ వంశమంతా పెరిగింది ఒక రకం అవసరం చుట్టూ. ఒకరు మార్పు పంపుతారు, ఇంకొకరు చదివి ఒప్పుకుంటారు. అక్కడ రెండు వెర్షన్లుంటే ఒకటి పాతది, ఒకటి కొత్తది. కొత్తది వచ్చి పాతదాని కుర్చీలో కూర్చుంటుంది. వెతుకులాటలో రెండూ ఒకే ఈడువి, దేనికీ ఇంకా కుర్చీ ఖాయం కాలేదు. పైగా గిట్‌లో కమిట్ చేయాలంటే, అంటే ఒక మార్పును భద్రపరచాలంటే, ఏం చేశామో ఒక వాక్యం రాయాలి. "ఏడు బదులు మూడు పెట్టా, ఏమవుతుందో చూద్దాం" అని గంటకు ఇరవై సార్లు రాసే ఓపిక ఎవరికీ ఉండదు.

అసలు పరిమితి ఇంకో చోట ఉంది. వేరియబుల్ పేరును "ధర" నుంచి "మోడల్_ధర"గా మారిస్తే, ఆ పేరు వాడిన ప్రతి వరుసా ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో వెలుగుతుంది. ఫలితంలో పైసా తేడా ఉండదు. ఒక ఫంక్షన్‌ను ఫైల్ పైనుంచి కిందికి జరిపితే, ఒక చోట తీసేసి మరో చోట మళ్లీ రాసినట్టు చూపిస్తుంది. దీన్ని సరిచేయడానికే కోడ్‌ను వరుసలుగా కాక వ్యాకరణ నిర్మాణంగా చదివి పోల్చే పరికరాలు వచ్చాయి. 2014 నాటి గమ్‌ట్రీ, ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చిన డిఫ్‌టాస్టిక్ ఆ కోవలోవి. ఖాళీలు, వరుస విరుపుల గోల వీటిలో తగ్గుతుంది. అయినా అవి చూసేది కోడ్ ఆకారాన్నే.

ఆరు రోజుల ధరలు, ఒక్క మాట తేడా

ఆరు మార్కెట్ రోజుల మిర్చి ధరలు, క్వింటాలుకు రూపాయల్లో, ఇలా ఉన్నాయనుకుందాం (ఊహించుకున్న అంకెలు): 14,000, 14,200, 14,100, 41,100, 14,300, 14,400. నాలుగో రోజు దగ్గర కన్ను ఆగుతుంది. దాని సంగతి తర్వాత.

మొదటి రకం ప్రోగ్రామ్ ప్రతి రోజుకూ, ఆ రోజుతో కలిపి గత మూడు రోజుల సగటు వేస్తుంది. రెండో రకం మధ్యగతం తీస్తుంది, అంటే మూడు ధరలను పెరిగే క్రమంలో పేర్చి నడిమిది తీసుకుంటుంది. పైథాన్‌లో ఈ రెండింటికీ తేడా ఒక్క మాట: మీన్ ఉన్న చోట మీడియన్. డిఫ్ చూపించేది ఒక వరుస ఎరుపు, ఒక వరుస ఆకుపచ్చ. చిన్న మార్పే కదా అనిపిస్తుంది.

ఫలితాలను పక్కపక్కన పెడితే:

మూడో రోజు: సగటు 14,100. మధ్యగతం 14,100.
నాలుగో రోజు: సగటు 23,133. మధ్యగతం 14,200.
ఐదో రోజు: సగటు 23,167. మధ్యగతం 14,300.
ఆరో రోజు: సగటు 23,267. మధ్యగతం 14,400.

మూడో రోజు దగ్గర రెండు రకాలూ కవలలు. తొలి వరుస మాత్రమే ప్రింట్ చేసి చూసుకున్నవాళ్లు "రెండూ ఒకటే" అని రాసుకుని వెళ్లిపోతారు. నాలుగో రోజు నుంచి తేడా తొమ్మిది వేలకు చేరువలో ఉంటుంది, వరుసగా మూడు రోజులు. ఒక్క తప్పుడు అంకె మూడు రోజుల పాటు సగటును పట్టి లాగుతుందన్న విషయం కోడ్‌ను ఎంతసేపు చదివినా తట్టకపోవచ్చు. పట్టికలో ఒక్క చూపుకే దొరుకుతుంది.

అయితే 41,100 తప్పుడు అంకేనా? 14,100 అని కొట్టబోయి మొదటి రెండు అంకెలు తారుమారయ్యాయని తేల్చేయబుద్ధవుతుంది. కానీ ఇదే ఏనుమాముల యార్డులో 2022 సీజన్‌లో దేశీ రకం మిర్చి క్వింటాలు 40 వేలు దాటి పలికింది. తేజ రకం ధరల వరుసలోకి ఒక రోజు దేశీ రకం ధర వచ్చి పడి ఉండొచ్చు. అలాగైతే సగటు వేయడమూ తప్పే, మధ్యగతం వేసి దాన్ని కప్పెట్టడమూ తప్పే. మిర్చి రకాలను విడదీయాలి. అంటే లెక్క ఇంకో కొమ్మకు చీలుతుంది. పోలిక పట్టిక ఈ ప్రశ్నను ముందుకు తెచ్చింది. జవాబు చెప్పడం దాని పని కాదు, యార్డు సంగతి తెలిసినవాళ్లది.

ఇలా పట్టికను పట్టికతో పోల్చడానికి పైథాన్‌లో అందరూ వాడే పాండాస్ లైబ్రరీ 2020లో ఒక ఆదేశం చేర్చింది. ఒకే ఆకారంలో ఉన్న రెండు పట్టికలిస్తే, విలువ మారిన గడులను మాత్రమే పక్కపక్కన చూపుతుంది. పై ఉదాహరణలో మూడో రోజు వరుస అందులో కనిపించదు, మిగతా మూడు కనిపిస్తాయి. చిన్న సౌకర్యమే. దీన్ని వాడాలన్నా రెండు ఫలితాలూ ఒకేసారి చేతిలో ఉండాలి. వెతుకులాటలో అసలు కొరత అదే: రెండోది వచ్చేసరికి మొదటిది చెరిగిపోయి ఉంటుంది.

నోట్‌బుక్ తెచ్చిన కొత్త చిక్కు

కోడ్, ఫలితం, బొమ్మ, వివరణ ఒకే పేజీలో ఉండే జుపిటర్ నోట్‌బుక్‌ను ఈ పని కోసమే తయారుచేశారా అనిపిస్తుంది. 2001లో ఫెర్నాండో పెరెజ్ మొదలుపెట్టిన ఐపైథాన్ నుంచి 2014లో జుపిటర్ విడిగా పుట్టింది. ఇప్పుడు డేటా అనాలిసిస్ నేర్చుకునేవాళ్లలో చాలామంది తొలి అడుగు వేసేది ఇందులోనే. ఫలితం కోడ్ కిందే నిలిచి ఉంటుంది కాబట్టి పోలిక తేలిక కావాలి. ఆచరణలో రెండు చోట్ల దెబ్బతింటుంది.

మొదటిది, పేజీలోని కోడ్ ముక్కలను, అంటే గడులను, ఏ వరుసలోనైనా నడపవచ్చు. ఐదో గడిలో సగటు వేసి, రెండో గడిలో డేటా మార్చి, ఐదో గడి మళ్లీ నడపడం మరిచిపోతే, పేజీ మీద కొత్త డేటా, పాత సగటు పక్కపక్కనే కూర్చుంటాయి. గడిని తీసేసినా అందులో పుట్టిన వేరియబుల్ మెమరీలో బతికే ఉంటుంది. ఈ గందరగోళం ఎంత పెద్దదో 2019లో బ్రెజిల్, అమెరికా పరిశోధకులు లెక్కించారు. కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ నుంచి 14 లక్షల నోట్‌బుక్‌లు తీసుకుని పరిశీలించారు. వాటిలో తిరిగి నడిపి చూడగలిగిన వాటిలో దాదాపు 24 శాతమే తప్పులేకుండా చివరిదాకా నడిచాయి. పాత ఫలితమే మళ్లీ ఇచ్చినవి 4 శాతం. రెండు నోట్‌బుక్‌లను పోల్చబోయేవాళ్లు అంతకంటే ముందు, ఒకే నోట్‌బుక్ నిన్నటి తనతో తాను సరిపోలుతోందో లేదో చూసుకోవాల్సిన పరిస్థితి ఇది.

రెండోది, నోట్‌బుక్ ఫైల్ లోపల జేసన్ (డేటాను అక్షరాల్లో రాసిపెట్టే ఒక పద్ధతి) రూపంలో ఉంటుంది. గ్రాఫులు పొడవాటి అక్షరాల ముద్దలుగా అందులోనే ఇరుక్కుంటాయి. ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ నడిపినా గడుల పక్కనుండే వరుస సంఖ్యలు మారతాయి. మామూలు డిఫ్‌కు ఇదంతా తేడాయే. నోట్‌బుక్ నిర్మాణం తెలిసి పోల్చే ఎన్‌బీడైమ్ ఈ రొద తగ్గిస్తుంది, కోడ్‌ను కోడ్‌తో, బొమ్మను బొమ్మతో పోలుస్తుంది. అబ్జర్వబుల్, మారిమో లాంటి కొత్త నోట్‌బుక్‌లు మొదటి చిక్కును వేరేలా పరిష్కరిస్తాయి: ఒక గడి మారితే దాని మీద ఆధారపడ్డ గడులను అవే తాజా చేస్తాయి. మెమరీలో పాత విలువ దాక్కునే సందు ఉండదు. కానీ అప్పుడూ పేజీ మీద ఉండేది ఒక్క రకమే, తాజాది. రెండింటినీ పక్కన పెట్టుకోవడం మళ్లీ మన పనే.

పొలాసలో ఒక్క మడి చూసి చెప్పరు

జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఇలాంటి చోట్ల కొత్త వరి రకాన్ని పరీక్షించేటప్పుడు పక్కనే రైతులు ఇప్పటికే వేస్తున్న రకాన్ని కూడా వేస్తారు. దాన్ని చెక్ రకం అంటారు. రెండింటికీ ఒకే నీరు, ఒకే ఎరువు. అలాగని ఒక్కో మడి వేసి ఊరుకోరు. ఒక్కో రకాన్ని పొలంలో వేర్వేరు చోట్ల, క్రమం లేకుండా కలిపి, కొన్ని మళ్లలో వేస్తారు. పొలంలో ఒక మూల నేల బలంగా ఉండొచ్చు, ఒక మూల నీళ్లు నిలవొచ్చు. ఒక్క మడి చూసి రకం గొప్పదంటే, గొప్పతనం రకానిదో మూలదో తెలియదు.

ప్రోగ్రాముల పోలికలో ఈ జాగ్రత్తనే ఎక్కువగా వదిలేస్తారు. మెషిన్ లెర్నింగ్ మోడళ్లలో చాలావాటికి తొలి విలువలు యాదృచ్ఛికంగా పడతాయి. ఆ యాదృచ్ఛికతను నిర్ణయించే అంకెను సీడ్ అంటారు, విత్తనమే. సీడ్ మారితే అదే కోడ్ కాస్త వేరే ఫలితం ఇస్తుంది. రెండు రకాలను చెరొక్కసారి నడిపి, ఒకదానికి తప్పు రెండు శాతం తక్కువ వచ్చిందని దాన్ని ఎంచుకుంటే, ఎంచుకున్నది సీడ్‌నే కావచ్చు. పది సీడ్‌లు తీసుకుని, అవే పది రెండు రకాలకూ ఇచ్చి, జతజతగా పోల్చాలి. సీడ్ మార్పుతో వచ్చే ఊపుకంటే రకాల మధ్య తేడా పెద్దదైతేనే అది తేడా.

ధరల లెక్కలో ఇంకో ఉచ్చు ఉంది. డేటాను యాదృచ్ఛికంగా రెండు ముక్కలు చేసి, ఒకదానితో నేర్పి మరోదానితో పరీక్షించడం క్లాసులో చెప్పే పద్ధతి. రోజుల వరుసకు ఇది పనికిరాదు. శుక్రవారం ధర నేర్పే ముక్కలో, గురువారం ధర పరీక్ష ముక్కలో పడితే, రేపటిది చూసి ఇవాళ్టిది చెప్పినట్టవుతుంది. అలా వచ్చిన గొప్ప ఫలితాలు యార్డు గేటు దాకా కూడా రావు. ఇక్కడ మళ్లు అంటే సీజన్లు. ఒక సీజన్ దాకా నేర్పి తర్వాతి సీజన్ మీద పరీక్షించడం, దాన్ని ఒక్కో ఏడాది ముందుకు జరుపుతూ పోవడం.

వేగాన్ని పోల్చేటప్పుడు కూడా ఇదే కథ. పైథాన్‌లోని టైమిట్ ఒకే ముక్కను అనేకసార్లు నడిపి కొలుస్తుంది. హైపర్‌ఫైన్ అనే పరికరం అసలు కొలతకు ముందు కొన్నిసార్లు ఊరికే నడిపించే వీలిస్తుంది, తర్వాత అన్ని పరుగుల సగటూ, చెదురూ చూపుతుంది. మే నెల వరంగల్ ఎండలో, ఫ్యాన్ గాలి కింద ల్యాప్‌టాప్ మీద మొదటి రకాన్ని పదిసార్లు నడిపి ఆ తర్వాత రెండోదాన్ని పదిసార్లు నడిపితే, రెండోది నడిచే వేళకు ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుని ఉంటుంది. ఒకటి, రెండు, ఒకటి, రెండు అని మార్చి మార్చి నడిపితే ఆ వేడి ఇద్దరికీ సమానంగా పడుతుంది.

దాచిపెట్టే పరికరాలు

పది సీడ్‌లు, మూడు సీజన్లు, ఐదారు రకాలు అనేసరికి ఫలితాలు వందల్లోకి పోతాయి. వాటిని దాచడానికే ఎంఎల్‌ఫ్లో లాంటి పరికరాలు వచ్చాయి. డేటాబ్రిక్స్ సంస్థ 2018లో విడుదల చేసిన దీన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ప్రతి పరుగుకు ఇచ్చిన పారామీటర్లు (ఎంచుకున్న సెట్టింగులు), వచ్చిన కొలతలు, పుట్టిన ఫైళ్లు రాసిపెడుతుంది. తర్వాత బ్రౌజర్‌లో పట్టికగా తెరిచి, కావాల్సిన పరుగులు ఎంచుకుని పోల్చవచ్చు. మిర్చి_ఫైనల్_సార్_చెప్పింది అనే పేరుతో చేస్తున్న పనినే ఇది పద్ధతిగా చేస్తుంది.

పరిమితి రెండు రకాలు. సగటా, మధ్యగతమా అన్నది పారామీటర్‌గా రాసి ఉంటే పట్టికలో వస్తుంది. కోడ్‌లో ఒక మాట మార్చి, కమిట్ చేయకుండా మళ్లీ నడిపితే, పట్టికలో రెండు పరుగులూ ఒకే పారామీటర్లతో, వేర్వేరు ఫలితాలతో కనిపిస్తాయి. కారణం ఎక్కడా ఉండదు. వెతుకులాటలో మార్పులు ఎక్కువగా జరిగేది కోడ్‌లోనే.

రెండో పరిమితి ఇంకా ముఖ్యమైనది. పట్టికలో ఒక్కో పరుగుకు నిలిచేది ఒకటి రెండు అంకెలు. రెండు రకాల సగటు తప్పు క్వింటాలుకు 500 రూపాయలే కావచ్చు. ఒకటి ఏడాది పొడవునా ఐదొందల అటూ ఇటూ ఉంటుంది. మరోది మామూలు రోజుల్లో దాదాపు సరిగ్గా చెప్పి, సరుకు ముంచెత్తే ఫిబ్రవరి, మార్చిలో వేలల్లో తప్పుతుంది. బస్తాలు ఇవాళ అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని ఆలోచించే రైతుకు ఈ రెండూ ఒకటి కావు. పట్టికకు ఒకటే. అందుకే తప్పును నెలవారీగా విడగొట్టి, ప్రతి రకానికీ ఒక చిన్న గ్రాఫ్ ఒకే కొలతతో పక్కపక్కన పేర్చడం, ఒక అంకె కంటే ఎక్కువ చెబుతుంది. గ్రాఫుల నిలువు కొలత ఒక్కోదానికి ఒక్కోలా ఉంటే మాత్రం పోలికంతా బూడిదలో పోసినట్టే. కొన్ని గ్రాఫ్ లైబ్రరీలు, చెప్పకపోతే, అలాగే గీస్తాయి.

ల్యాబ్ దాటని ఆలోచనలు

ఒకే ప్రోగ్రామ్ రకాలను పక్కపక్కన రాసి, పక్కపక్కన నడిపే పరికరాల మీద పరిశోధన కొత్తది కాదు. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో బ్యోర్న్ హార్ట్‌మన్ బృందం జక్స్టపోజ్ అనే ఎడిటర్ తయారుచేసింది. అందులో రెండు మూడు రకాల కోడ్ ఒకేసారి తెరిచి ఉంటుంది. ఉమ్మడి భాగాన్ని ఒకసారి మారిస్తే అన్నింటిలో మారుతుంది. నడుస్తుండగానే విలువలను స్లైడర్‌తో జరిపి చూడొచ్చు.

2017 నాటి వేరియోలైట్ కార్నెగీ మెలన్‌లో మేరీ బెత్ కెరీ, అంబర్ హోర్వత్, బ్రాడ్ మైయర్స్ చేసింది. పైన చెప్పిన పత్రం దీని గురించినదే. కోడ్‌లో కావాల్సిన ముక్క చుట్టూ ఒక పెట్టె గీస్తే, ఆ ముక్కకు మాత్రమే రకాలు పుడతాయి, ట్యాబుల్లా మార్చుకోవచ్చు. మొత్తం ఫైల్‌కు కాపీ అక్కర్లేదు. సగటు, మధ్యగతం అన్న ఒక్క వరుసకు రెండు ట్యాబులు చాలు. పెట్టెలో పెట్టె కూడా పెట్టొచ్చు. 36 రకాల సమస్యను ఇంత సహజంగా పట్టుకున్న ఆలోచనలు తక్కువ. అదే బృందం నుంచి 2019లో వచ్చిన వెర్డంట్, నోట్‌బుక్‌లో జరిగిన ప్రతి మార్పునూ అడగకుండానే రాసిపెట్టి, తర్వాత వెతుక్కునే వీలిచ్చింది.

ఇవి ఎందుకు అందరి చేతికీ రాలేదంటే, ఒక కారణం పునాది. వేరియోలైట్‌ను ఆటమ్ ఎడిటర్ మీద కట్టారు. గిట్‌హబ్ 2022 డిసెంబర్‌లో ఆటమ్‌ను ఆపేసింది. పరిశోధన నమూనాను నిలబెట్టేది విద్యార్థులు, వాళ్ల డిగ్రీ అయిపోయాక దాన్ని కొత్త ఎడిటర్‌కు మార్చే చేతులుండవు. ఇంకో కారణం లోపలిది. రకాలను దాచడం తేలిక, ప్రతి రకం ఫలితాన్నీ తాజాగా ఉంచడం కష్టం. పెట్టెల్లో ఒకటి మారితే 36 కలయికల్లో ఎన్నో మళ్లీ నడవాలి. ఒక్కో పరుగుకు పది నిమిషాలు పట్టే పనిలో, పక్కపక్కన చూడటమన్నది ఆరు గంటల ఎదురుచూపు అవుతుంది.

ఏఐ వచ్చాక

కోడ్ రాసిపెట్టే ఏఐ గిట్‌హబ్ కోపైలట్ 2022లో అందరికీ అందుబాటులోకి వచ్చి, అదే ఏడాది చాట్‌జీపీటీ కూడా వచ్చాక సమస్య తీరు మారింది. ఇదే పని మూడు విధాలుగా రాసిమ్మంటే మూడూ నిమిషంలో వస్తాయి. వేరియబుళ్ల పేర్ల నుంచి ఫంక్షన్ల క్రమం దాకా మూడూ మూడు రకాలుగా ఉంటాయి. డిఫ్ పెడితే స్క్రీన్ అంతా ఎరుపు, ఆకుపచ్చే. మనిషి రాసిన రెండు రకాల్లో ఉమ్మడి భాగం ఎక్కువ, తేడా తక్కువ, అందుకే డిఫ్ అంతో ఇంతో పనికొచ్చేది. ఇప్పుడు అదీ పోయింది. ఫలితాన్ని ఫలితంతో పోల్చడం తప్ప వేరే దారి మిగల్లేదు.

రకాలు పుట్టించే ఖర్చు పడిపోయి, తేల్చే ఖర్చు అలాగే ఉండటంతో గిట్‌లోని ఒక పాత సౌకర్యానికి గిరాకీ పెరిగింది. 2015లో గిట్ 2.5తో వచ్చిన వర్క్‌ట్రీ, ఒకే ప్రాజెక్టుకు రెండు మూడు ఫోల్డర్లు పక్కపక్కన తెరిచి, ఒక్కోదాంట్లో ఒక్కో బ్రాంచ్ (ప్రాజెక్టులో విడిగా సాగే ఒక శాఖ) ఉంచుతుంది. బ్రాంచ్ మార్చినప్పుడల్లా ఉన్న ఫైళ్లు చెదిరిపోయే బాధ లేదు. ఒకేసారి అనేక ఏఐ ఏజెంట్లతో పని చేయించే పరికరాలు కొన్ని వీటినే వాడుతున్నాయి.

కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించకుండా మిర్చి లెక్కకు దీన్ని వాడుకోవచ్చు. సగటు ఒక వర్క్‌ట్రీలో, మధ్యగతం మరోదాంట్లో. రెండూ తమ ఫలితాన్ని, ఒకే వరుసలు, ఒకే నిలువులు ఉన్న పట్టికగా రాయాలి. మూడో చిన్న ప్రోగ్రామ్ ఆ రెండు పట్టికలూ చదివి, తేడా ఉన్న రోజులను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి చూపాలి. రివ్యూలో "మూడు రోజులది పెట్టి చూసిన్రా" అన్నప్పుడు తెరిచి చూపాల్సింది ఈ మూడోదాని ఫలితాన్నే.

ఇక్కడ చాలామంది జారే మెట్టు ఒకటుంది. ధరల ఫైల్ పెద్దదని, దాన్ని గిట్‌లోకి ఎక్కించకుండా పక్కన పెట్టడం మామూలు. కొత్త వర్క్‌ట్రీ తెరిస్తే గిట్ తనకు తెలిసిన ఫైళ్లనే అందులో పెడుతుంది, ధరల ఫైల్ రాదు. ప్రోగ్రామ్ ఫైల్ లేదని ఆగిపోతుంది. హడావుడిలో పోర్టల్ నుంచి మళ్లీ దించుకుంటారు. ఆలోపు పోర్టల్‌లో రెండు రోజులు కలిసి ఉండొచ్చు, ఏదైనా అంకె సరిదిద్ది ఉండొచ్చు. నాలుగో రోజు 41,100 కాస్తా 14,100 అయిపోయి ఉంటే, సగటు మూడు రోజులకూ దాదాపు 14,100 నుంచి 14,300 మధ్యే వస్తుంది, మధ్యగతంతో తేడా వంద రూపాయల లోపే ఉంటుంది, రెండు రకాలూ ఒకటేనని రిపోర్టులో ఎక్కుతుంది. అందుకే ధరల ఫైల్‌ను రెండు ఫోల్డర్లకూ బయట ఒకే చోట ఉంచి, రెండు ప్రోగ్రాములూ అక్కడి నుంచే చదివేలా చూడాలి. నడిపిన ప్రతిసారీ ఆ ఫైల్ హ్యాష్‌ను, అంటే ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు సంఖ్యను, ఫలితాల పట్టిక పేరులోనే చేర్చాలి. పోల్చే మూడో ప్రోగ్రామ్ మొదట ఆ రెండు గుర్తులను చూసి, అవి వేరైతే పట్టిక చూపకుండా ఆగిపోవాలి.